ఒక్క చినుకు పడలేదు, రైడ్లన్నీ ఆపేశారు. థీమ్ పార్కుల్లో ఇది మామూలేనా?

ఆకాశదీపం_27 అడిగిన ప్రశ్న

పోయిన ఆదివారం పిల్లలతో, మా ఆయనతో, మా ఆడపడుచు వాళ్ళతో కలిసి ఒక పెద్ద థీమ్ పార్కుకి వెళ్ళాం. ఏ పార్కో చెప్పను, ఎవరితోనూ గొడవ పెట్టుకోవాలని లేదు. రెండున్నర దాకా బాగానే గడిచింది. తర్వాత దూరంగా ఎక్కడో ఒకసారి ఉరిమింది, అంతే, ఎత్తుగా ఉన్న రైడ్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఆపేశారు. మా నెత్తిన ఎండ కాస్తూనే ఉంది. గంట పైన క్యూలో నిలబడ్డవాళ్ళని కూడా "బయటికి రండి, బయటికి రండి" అని పంపించేశారు. మూడు గంటలకి తెరుస్తామన్నారు, మూడున్నరకి అన్నారు, చివరికి నాలుగుంపావు అయింది.

అసలు సంగతి అది కాదు. ఆపేసే సమయానికి మా ఆయన, మా పెద్దాడు (11 ఏళ్ళు) రోలర్ కోస్టర్ మీద ఉన్నారు. పైకి లాక్కెళ్ళే గొలుసు మధ్యలో ఆగిపోయింది. కింద నిలబడ్డ నాకు ఆ టకటకా చప్పుడు ఆగడమే ముందు తెలిసింది, తలెత్తి చూస్తే బండి ఏటవాలుగా వేలాడుతూ ఉంది. పావుగంట అలాగే ఉన్నారు. తర్వాత నడుముకి బెల్టులు కట్టుకున్న ఇద్దరు స్టాఫ్ పక్కన మెట్ల మీదుగా ఎక్కి, ముందు వరుస నుంచి ఒక్కో వరుసే తెరిచి, ఒక్కొక్కళ్ళనీ చెయ్యి పట్టుకుని దింపారు. ఆ మెట్లు కూడా జల్లెడలా ఉన్నాయిట, కిందకి చూస్తే నేల కనిపిస్తుందిట. మావాడు ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నాడు గానీ ఆ రోజు కాళ్ళు వణుకుతూ దిగాడు.

మా ఆయన వాదన ఏంటంటే, అది మొత్తం ఇనుపదే కదా, భూమిలోకి ఎర్తింగ్ ఉంటుంది కదా, కారులో కూర్చున్నట్టే, పిడుగు పడినా ఏం కాదు, ఊరికే హడావుడి చేశారు అని. నాకేమో వచ్చే నెల పిల్లల స్కూల్ వాళ్ళు మళ్ళీ అలాంటి చోటికే తీసుకెళ్తామంటుంటే సంతకం పెట్టాలా వద్దా అని ఉంది. లోపల పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఇలాంటప్పుడు నిజంగా ఒక పద్ధతి ఉంటుందా, లేక అప్పటికప్పుడు ఎవరికి తోచింది వాళ్ళు చేస్తారా?

రెండు_బటన్లు

నేను ఆరేళ్ళు రైడ్ ఆపరేటర్‌గా చేశానండి, ఇప్పుడు వేరే పనిలో ఉన్నాను. పద్ధతి ఉంటుంది, అదీ రాతపూర్వకంగా. ప్రతి రైడ్‌కీ దాన్ని తయారు చేసిన కంపెనీ ఒక మాన్యువల్ ఇస్తుంది. గాలి ఎంత వేగం దాటితే ఆపాలి, వానలో నడపొచ్చా లేదా, చలి ఎంత ఉంటే మొదలుపెట్టకూడదు, అన్నీ అందులో ఉంటాయి. ఒక్కో రైడ్‌ది ఒక్కో లెక్క, అందుకే మీకు ఒకటి ఆగి పక్కది నడుస్తున్నట్టు కనిపిస్తుంది. జనం అదే చూసి "అది నడుస్తుంటే ఇదెందుకు ఆపారు" అని మామీద పడతారు.

ఇక ఉరుము సంగతి. చినుకు పడకపోయినా పిడుగు పడుతుంది, మబ్బుకి పది పదిహేను కిలోమీటర్ల అవతల కూడా పడొచ్చు. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. మెరుపు చూసినప్పటి నుంచి ఉరుము వినపడే దాకా లెక్కపెట్టండి, 30 వచ్చిందంటే అది 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. ఉరుము వినిపించేంత దగ్గర్లో ఉన్నారంటేనే పిడుగు మీ దాకా రాగలదని అర్థం. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి, మధ్యలో ఇంకోటి ఉరిమితే మళ్ళీ మొదటి నుంచి లెక్క. మీకు మూడు, మూడున్నర అని టైం మారుతూ వచ్చింది అందుకే. పెద్ద పార్కులు చెవి మీద ఆధారపడవు, పిడుగుల్ని పసిగట్టే సర్వీసుల నుంచి కంట్రోల్ రూమ్‌కి హెచ్చరిక వస్తుంది, అక్కడి నుంచి మాకు రేడియోలో మాట వస్తుంది.

అంత ముందుగా ఎందుకు అంటారా. ఒక జెయింట్ వీల్ తీసుకోండి. 40 డబ్బాలు ఉన్నాయనుకుందాం. ఒక్కో డబ్బా కిందకి తెచ్చి, తలుపు తీసి, ముసలివాళ్ళని పిల్లల్ని దింపి పంపడానికి అర నిమిషం వేసుకున్నా 20 నిమిషాలు. మబ్బు నెత్తి మీదకి వచ్చాక మొదలుపెడితే సగం మంది పైన ఉండగానే వచ్చేస్తుంది. కాబట్టి ఎండ ఉండగానే ఆపాలి, తిట్లు తినాలి, అంతే.

తెరిచేటప్పుడు కూడా 30 నిమిషాలు అవగానే గేటు తీయం. ఖాళీ బండిని రెండు మూడు సార్లు తిప్పి చూస్తాం, సెన్సార్లు అన్నీ సరిగ్గా చెప్తున్నాయా, తడిసిన పట్టాల మీద బ్రేకులు ఎలా పడుతున్నాయా అని. నాలుగుంపావుకి తెరిచారంటే బాగానే చేశారు.

మీవారికి ఒక మాట. కారు మిమ్మల్ని కాపాడేది టైర్ల వల్ల కాదు, చుట్టూ ఇనుప డబ్బా ఉన్నందువల్ల. రోలర్ కోస్టర్‌కి పైకప్పు ఎక్కడుంది? ఎర్తింగ్ వల్ల రక్షణ ఆ ఇనుప నిర్మాణానికి, కరెంటు సామానుకి. అందరికంటే ఎత్తున, తల బయట పెట్టుకుని కూర్చున్న మనిషికి కాదు.

ఆకాశదీపం_27

చాలా థాంక్స్ అండి. చివరి పేరా మా ఆయనకి చదివి వినిపించాను, ఫ్యాన్ స్పీడ్ పెంచమన్నారు. కానీ ఒక సందేహం, మరి వాళ్ళని అంత ఎత్తులో మధ్యలో ఆపడం ఎందుకు? ఉరుముతున్నప్పుడు పావుగంట పైన ఉంచడం కంటే చుట్టు పూర్తి చేయించి దింపేస్తే పోయేది కదా?

గ్రీజు_చేతులు

మెయింటెనెన్స్ వైపు నుంచి నేను చెప్తాను.

మామూలుగా మీరన్నదే చేస్తారు మేడం, వాతావరణం కోసం ఆపేటప్పుడు తిరుగుతున్న బళ్ళని స్టేషన్‌కి రానిచ్చి దింపేసి, కొత్తవాళ్ళని ఎక్కించరు. మీవాళ్ళది గొలుసు మీద ఆగిందంటే అది ఉరుము వల్ల కాకపోవచ్చు, ముందు వెళ్ళిన బండిని స్టేషన్‌లో ఖాళీ చేస్తుంటే ఆలస్యమై, వెనక బండికి దారి లేక సిస్టమే ఆపేసి ఉంటుంది. పట్టాని కొన్ని ముక్కలుగా విడదీస్తారు, వాటిని బ్లాకులు అంటాం. ఒక బ్లాకులో ఒక్క బండే ఉండాలి. ముందు బ్లాకు ఖాళీ అయినట్టు సెన్సార్ చెప్తేనే వెనక బండి కదులుతుంది. రైలు సిగ్నల్ చూశారుగా, అదే పద్ధతి. ఇక్కడ ఎర్ర లైటు చూసి ఆపడానికి డ్రైవర్ ఉండడు కాబట్టి గొలుసూ బ్రేకులే ఆపుతాయి.

ఆగిన బండి వెనక్కి జారదా అంటే జారదు. మీకు వినిపించిన ఆ టకటకా చప్పుడే అది, బండి అడుగున ఉన్న కొక్కెం పట్టా మధ్యలో పళ్ళ మీద ఒక్కోటే దాటుతూ పడే చప్పుడు. గొలుసు తెగినా కొక్కెం పన్నుకి తగిలి నిలబడుతుంది. బ్రేకులు కూడా లారీ ఎయిర్ బ్రేకుల్లాంటివే, గాలి ఒత్తిడి ఉంటేనే తెరుచుకుంటాయి. కరెంటు పోయినా పైపు పగిలినా వాటంతట అవే మూసుకుంటాయి. పై నుంచి ఒక్కసారిగా కిందకి వదిలే టవర్ రైడ్లలో చాలావాటికి చివర్లో అయస్కాంతాల బ్రేకులు ఉంటాయి, వాటికి కరెంటే అక్కర్లేదు.

కాబట్టి రైడ్ ఆగిందంటే నాకు భయం లేదు. ఆగినదాన్ని "ఏం కాదులే" అని మళ్ళీ నడిపేవాడంటేనే భయం. 2015 జూన్ 2న ఇంగ్లండ్‌లో ఆల్టన్ టవర్స్ పార్కులో స్మైలర్ అనే కోస్టర్ మీద జరిగింది సరిగ్గా ఇదే. ఆ రోజు గాలి గట్టిగా ఉంది. ఖాళీగా పంపిన టెస్ట్ బండి వేగం చాలక మధ్యలో పల్లంలో చిక్కుకుపోయింది. ముందు దారి ఖాళీ లేదని కంప్యూటర్ పట్టేసి వెనక 16 మందితో ఉన్న బండిని గొలుసు పైనే ఆపింది. అంటే మెషిన్ తన పని తాను చేసింది. ఇంజినీర్లు మాత్రం అది తప్పుడు సిగ్నల్ అనుకున్నారు. అంతకు ముందే పట్టా మీదకి ఇంకో బండి చేర్చారు, ఆ మాట అందరికీ తెలియలేదు, లెక్క తప్పింది. ఆపిన సిస్టమ్‌ని పక్కనపెట్టి చేత్తో వదిలారు, అది వెళ్ళి ఖాళీ బండిని గుద్దేసింది. ఇద్దరు అమ్మాయిలకి చెరో కాలు తీసేయాల్సి వచ్చింది, బండి ఎత్తులో వంకరగా ఇరుక్కుపోవడంతో అందరినీ దించడానికి గంటలు పట్టింది. తర్వాత ఏడాది కోర్టు ఆ కంపెనీకి 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. తప్పు ఫలానా ఇంజినీరుదని వదిలేయలేదు, ఇలాంటి సమయంలో ఎవరు ఎవరిని అడగాలో, ఏం చూసుకోవాలో పద్ధతి పెట్టని యాజమాన్యానిదే అని తేల్చారు.

గాలి అంటే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు అవుతుంది. బండికి మోటారు ఉండదు కదా, ఒకసారి పైనుంచి వదిలాక బరువు మీదే పోవాలి, ఎదురుగాలి కొంచెం తినేసినా చివరి కొండ ఎక్కదు. చలికాలం పొద్దున గ్రీజు బిగుసుకున్నా అంతే.

ఎండమావి9

అంతా బాగానే ఉంది గానీ, టికెట్ డబ్బుల సంగతి ఎవరూ మాట్లాడరేం? మూడు నాలుగు గంటలు రైడ్లు ఆపేస్తారు, లోపల తినుబండారాల కొట్లు మాత్రం తెరిచే ఉంటాయి, సేఫ్టీ అనగానే అందరూ నోరు మూసుకోవాలి. నాకు ఒకసారి సగం రోజు పోయింది, కౌంటర్‌లో అడిగితే టికెట్ వెనక చూసుకోమన్నాడు. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, వాతావరణం వల్ల రైడ్లు ఆగితే డబ్బు వాపసు లేదని. పైగా ఒక్కోసారి నిజంగా ఉరుమో, లేక స్టాఫ్ చాలక ఆపేశారో మనకెలా తెలుస్తుంది?

రెండు_బటన్లు

@ఎండమావి9 డబ్బు విషయంలో మీ కోపం న్యాయమే అన్నా. కొన్ని పార్కులు ఫలానా ఇన్ని గంటలు ఆగితే ఇంకో రోజు రానిస్తాం అని పెడతాయి, కొన్ని అస్సలు ఇవ్వవు. అది కొనేముందే చూసుకోవాలి. కానీ ఆ కోపం గేటు దగ్గర నిలబడ్డ కుర్రాడి మీద చూపించకండి. నన్ను ఒకాయన కాలర్ పట్టుకున్నాడు, "ఒక్క రౌండ్ తిప్పు, మా పాప పుట్టినరోజు" అని. ఆ రౌండ్ తిప్పితే నేను ఉద్యోగంలో ఉండను, అదృష్టం బాగోకపోతే పాప కూడా ఉండదు. నిజంగా ప్రమాదం తెచ్చేది ఈ ఒత్తిడే. తిట్లు పడలేక ఐదు నిమిషాలు ముందు తెరిచే పార్కు కంటే, తిట్లు పడి తెరవని పార్కు నయం.

పక్కసీటు

నాకు కోస్టర్ల కన్నా నీళ్ళ రైడ్లంటే భయం. డ్రీమ్‌వరల్డ్ గురించి చదివినప్పటి నుంచి. ఆస్ట్రేలియా గోల్డ్ కోస్ట్‌లో, 2016 అక్టోబర్ 25. గుండ్రటి తెప్పల్లో కూర్చుని వాగులో పోయే రైడ్. పంపు ఒకటి ఆగిపోయి నీటిమట్టం పడిపోయింది, ముందు తెప్ప కమ్మీల మీద కూర్చుండిపోయింది, వెనక నుంచి తెప్పల్ని మోసుకొచ్చే బెల్టు ఇంకో తెప్పని తెచ్చి దాన్ని గుద్దించింది, నలుగురు పోయారు. ఆ పంపు ఆ రోజే అంతకు ముందు రెండుసార్లు ఆగిందిట! రెండుసార్లూ మళ్ళీ వేసి నడిపారు. నీళ్ళు తగ్గితే దానంతట అదే ఆపే ఏర్పాటు లేదు, గోడ మీద పట్టిన మురికి చార చూసి మట్టం అంచనా వేసుకునేవారు. విచారణలో ఇవన్నీ బయటపడ్డాయి. 30 ఏళ్ళ పాత రైడ్. చదివి రెండు రోజులు మనసు బాగోలేదు.

పైన అన్నారు చూడండి, ఆగినదాన్ని మళ్ళీ నడిపేవాడు అని. ఇదీ అదే కదా.

గ్రీజు_చేతులు

అదే. ఇక్కడ ఇంకో ముక్క కూడా ఉంది. బెల్టుని వెంటనే ఆపగలిగే బటన్ ఒకటి దించే చోట నిలబడ్డ ఆపరేటర్‌కి అందే దూరంలోనే ఉంది. దాన్ని ఎప్పుడు నొక్కాలో, నొక్కితే ఏం ఆగుతుందో సరిగ్గా నేర్పలేదు. అప్పటినుంచి నేను కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే చెప్తాను, అనుమానం వస్తే నొక్కు, నొక్కినందుకు ఎవడూ నిన్ను ఏమీ అనడు, అంటే నా దగ్గరికి రా అని.

నీలిమబ్బు_అమ్మ

భయపెట్టేవే చెప్తున్నారు, మంచిది కూడా ఒకటి చెప్పనా. 2011 మార్చి 11, జపాన్‌లో పెద్ద భూకంపం వచ్చిన మధ్యాహ్నం టోక్యో డిస్నీ పార్కులు రెండిట్లో కలిపి 70,000 మంది దాకా ఉన్నారు. తుఫాను అయితే నాలుగు రోజుల ముందే తెలుస్తుంది, భూకంపానికి అలాంటిదేం ఉండదు కదా. అక్కడి స్టాఫ్, చాలామంది పార్ట్ టైం పిల్లలే, కొట్లలో అమ్మకానికి పెట్టిన బొమ్మ ఎలుగుబంట్లని తెచ్చి జనానికి పంచేశారు, తల మీద పెట్టుకోమని. ఎవరినీ అడగలేదు. తర్వాత చలికి, వానకి అట్టపెట్టెలు, చెత్త వేసే పెద్ద ప్లాస్టిక్ సంచులు ఇచ్చారు, కప్పుకోవడానికి. రైళ్ళు ఆగిపోవడంతో దాదాపు 20,000 మంది రాత్రంతా అక్కడే ఉన్నారు. చుట్టుపక్కల నేల బురదలా కుంగింది, పార్కింగ్ కూడా, కానీ పార్కు లోపలి నేలని కట్టేటప్పుడే గట్టిపరిచి ఉండటంతో అది నిలబడింది. ఏడాదికి 180 దాకా డ్రిల్స్ చేసేవారట, అంటే రోజు విడిచి రోజు. బొమ్మలు పంచమని ఏ మాన్యువల్లో రాసి ఉంటుంది చెప్పండి, ఇన్నిసార్లు చేసి చేసి చేతులకి అలవాటైపోయి ఉంటుంది.

పక్కసీటు

ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ కూడా అంతే, 1971లో తెరిస్తే తుఫాను కోసం రోజంతా మూసింది మొదటిసారి 1999లో, ఫ్లాయిడ్ అప్పుడు. ఆ తర్వాత 2017లో ఇర్మా, 2022లో ఇయన్, 2024లో మిల్టన్, ప్రతిసారీ ముందే చెప్పి మూశారు. తుఫాను గడిచేదాకా లోపలే పడుకునే స్టాఫ్ జట్టు ఒకటి ఉంటుంది, హోటళ్ళలో ఉన్నవాళ్ళని చూసుకోవడానికి.

ఆకాశదీపం_27

అందరికీ థాంక్స్. ఇంత తెలిసిన వాళ్ళు ఉంటారనుకోలేదు. చివరిగా, స్కూల్ ట్రిప్‌కి పంపేముందు మావాడికి ఏం చెప్పి పంపమంటారు? ఒకవేళ మళ్ళీ ఇరుక్కుంటే?

రెండు_బటన్లు

కూర్చున్న చోట కదలకూడదు, ఇదే మొదటిది. బార్ కింద నుంచి సన్నపిల్లలు జారి బయటికి రావాలని చూస్తారు, ఆగిన బండి కంటే ఇదే పెద్ద ప్రమాదం. స్టాఫ్ వచ్చి చేత్తో తెరిచేదాకా కూర్చోవాలి, పక్కవాడు ఏడుస్తుంటే మాట్లాడించాలి. చీకటి రైడ్లలో ఉన్నట్టుండి పాట ఆగి తెల్ల లైట్లు వెలిగితే సరదాగా చూస్తూ నిలబడకుండా మైకులో ఏం చెప్తున్నారో వినాలి. 1984లో అమెరికా న్యూజెర్సీలో ఒక దెయ్యాల కోట ఆటలో మంటలు లేస్తే ఎనిమిది మంది టీనేజ్ పిల్లలు పోయారు, అప్పుడు అందులో స్ప్రింక్లర్లు లేవు, ఇప్పుడు అలాంటి ఇళ్ళకి రూల్స్ బాగా గట్టివి. ఉరుమితే పక్కా గోడలున్న బిల్డింగ్‌లోకే వెళ్ళాలి, క్యూ మీద వేసిన రేకుల పందిరి కిందా చెట్టు కిందా కాదు. మరీ ముఖ్యం, జనమంతా ఒకేసారి మెయిన్ గేటు వైపు పరిగెడతారు, వాళ్ళతో పరిగెత్తకుండా టీచర్‌తో ముందే అనుకున్న చోటికి రావాలి. ఆ చోటు ఎక్కడో స్కూల్ వాళ్ళని ఇప్పుడే అడగండి. సమాధానం రాకపోతే సంతకం అప్పుడు పెట్టకండి.

ఆకాశదీపం_27

అడుగుతాను. ఇంకో చిన్న డౌటు, నవ్వకండి. మా ఆయన దిగేటప్పుడు చెప్పులు తీసి చేత్తో పట్టుకుంటానంటే స్టాఫ్ ఒప్పుకోలేదట, అందుకు ఇప్పటికీ సణుగుతున్నారు. జారేవి కదా, తీస్తేనే మంచిది కదా అని ఆయన ఉద్దేశం.

గ్రీజు_చేతులు

ఆ జల్లెడ మెట్ల అంచులు కత్తిలా ఉంటాయి మేడం, వట్టి కాళ్ళతో నాలుగు మెట్లు దిగితే అరికాలు కోసుకుపోతుంది. పైగా ఒక చెయ్యి కమ్మీ మీద, ఒక చెయ్యి స్టాఫ్ చేతిలో ఉండాలి, మరి చెప్పులు పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడుంది? ఒకటి జారి కింద పడిందనుకోండి, అంత ఎత్తు నుంచి పడే చెప్పు ఎవరి నెత్తినైనా పగలగొడుతుంది. ఈసారి షూస్ వేసుకోమనండి.